గొడుగు మరచిపోయే గురువు – జి.కె. చెస్టర్టన్ జీవిత కథ

పిల్లలతో కలిసి కూర్చుని చూడటానికి టెలివిజన్‌లో మంచిది ఏమైనా వస్తుందా ఫాదర్ అని అడిగే తల్లిదండ్రులు ప్రతి విచారణలోనూ ఉంటారు. ఒకదానిలో అత్తాకోడళ్ల పగ, ఇంకొకదానిలో నెత్తుటి మడుగులు, మరొకదానిలో పిల్లల ముందు వినలేని మాటలు. అటువంటి కుటుంబాలకు, ముఖ్యంగా ఇంగ్లీషు అర్థం చేసుకోగల పెద్ద పిల్లలున్న ఇళ్లకు, సంకోచం లేకుండా చెప్పదగ్గ పేరు ఒకటుంది. అది 'ఫాదర్ బ్రౌన్'. బి.బి.సి. వారు 2013 జనవరిలో మొదలుపెట్టిన ఈ ధారావాహిక పది సిరీస్‌లు దాటి సాగింది.

కథ జరిగేది ఇంగ్లండులోని కాట్స్‌వోల్డ్స్ ప్రాంతంలో, కెంబుల్‌ఫర్డ్ అనే కల్పిత గ్రామంలో. కాలం 1950ల నాటిది. నల్లని అంగీ, వెడల్పు అంచు టోపీ, చేతిలో గొడుగు, ఒక పాత సైకిలు – ఇదీ కథానాయకుడైన విచారణ గురువు వేషం. హ్యారీ పోటర్ సినిమాలలో ఎర్రజుట్టు పిల్లల తండ్రిగా వేసిన మార్క్ విలియమ్స్ ఈ పాత్ర ధరించారు. విచారణ పనులు చూసుకునే మిసెస్ మెకార్తీ అనే ఐరిష్ ఆవిడ ఉంటుంది. ఆమెకు ఊరి కబుర్లన్నీ కావాలి. తాను చేసే స్ట్రాబెర్రీ స్కోన్లను మించినవి లోకంలో లేవని ఆమె నమ్మకం. దాదాపు ప్రతి భాగంలోనూ ఒక హత్య జరుగుతుంది. పోలీసు ఇన్‌స్పెక్టరు తప్పుడు మనిషిని పట్టుకుంటాడు. గురువుగారు అడ్డు తగులుతారు. ఇన్‌స్పెక్టరు మండిపడతాడు. చివరకు గురువుగారి మాటే నిజమవుతుంది. భయంకర దృశ్యాలు తక్కువ, నవ్వులు ఎక్కువ. ఇందులో మరో తమాషా కూడా ఉంది. తెరమీద మన కతోలిక దేవాలయంగా కనిపించేది నిజానికి బ్లాక్లీ అనే గ్రామంలోని ఆంగ్లికన్ దేవాలయం!

అయితే ఒక సందేహం రావచ్చు. హత్య మహాపాపం కదా, దాని చుట్టూ అల్లిన కథను చూసి నవ్వుకోవచ్చా? ఆ నవ్వులాటలోకి ఒక గురువును దించడం భావ్యమా? దీనికి జవాబు ఆ గురువు పాత్రను సృష్టించిన మనిషి జీవితంలో ఉంది. ఆయన పేరు గిల్బర్ట్ కీత్ చెస్టర్టన్. ఆయన కథ తెలిస్తే ఆ సీరియల్‌ను మరింత హాయిగా చూడగలం, మరింత లోతుగానూ చూడగలం.

బొమ్మల నాటకశాల నుండి చీకటి గదికి

చెస్టర్టన్ 1874 మే 29వ తేదీన లండన్‌లోని కెన్సింగ్టన్‌లో జన్మించారు. తండ్రిది ఇళ్లు, స్థలాల క్రయవిక్రయాలు చూసే కుటుంబ వ్యాపారం. కానీ ఆయన మనసంతా బొమ్మలు వేయడం మీద, చేతిపనుల మీద ఉండేది. పిల్లల కోసం అట్టముక్కలతో ఒక చిన్న నాటకశాల తయారుచేశారు. అందులో అట్ట రాజకుమారుడు తాళంచెవి పట్టుకుని వంతెన దాటుతుంటే చూసిన దృశ్యం తన తొలి జ్ఞాపకాలలో ఒకటని చెస్టర్టన్ ముసలితనంలో రాసుకున్నారు. చిన్న చట్రంలో పెద్ద కథ చూపించవచ్చుననే పాఠం ఆయనకు అక్కడే అబ్బింది. ఈనాటి టెలివిజన్ కూడా అటువంటి చట్రమే కదా!

సెయింట్ పాల్స్ పాఠశాలలో చదువు ముగిశాక, చిత్రకళ నేర్చుకోవడానికి స్లేడ్ కళాశాలలో చేరారు. అక్కడ ఆయన జీవితంలో చీకటి కాలం మొదలైంది. ఏదీ నిజం కాదు, ఉన్నదంతా నా మనసు కల్పనేనేమో అనే పిచ్చి ఆలోచన ఆ యువకుణ్ణి పట్టుకుంది. తత్వశాస్త్రం చదివినవారికి ఈ వ్యాధి పేరు తెలుసు. పుస్తకంలో చదివితే అది ఒక వాదం, ఒంటరి గదిలో అనుభవిస్తే నరకం. తమ్ముడు సెసిల్‌తో కలిసి ఆత్మలను పిలిచే పలక ఆట కూడా ఆడారు. చేయకపోయినా, ఎంతటి ఘోరపాపాన్నయినా ఊహించగల స్థితికి తన మనసు దిగజారిందని ఆయనే తరువాత నిర్మొహమాటంగా రాశారు. ఈ మాట గుర్తుంచుకోండి. ఫాదర్ బ్రౌన్ పుట్టుకకు మొదటి విత్తనం ఇదే.

ఆ గోతిలో నుండి ఆయన ఒక సన్నని దారం పట్టుకుని పైకి వచ్చారు. అది కృతజ్ఞత అనే దారం. ఏమీ లేకపోవడం కంటే ఏదో ఒకటి ఉండటం గొప్ప వరం. గడ్డిపువ్వు ఉంది, తన కాళ్లు ఉన్నాయి, తెల్లవారింది – వీటికి ఎవరికో కృతజ్ఞతలు చెప్పాలి. ఎవరికి చెప్పాలో మాత్రం ఆయనకు అప్పటికి తెలియదు. ఆ ఎవరినో వెతుక్కుంటూ సాగిన ప్రయాణమే ఆయన జీవితం. ఆయన రాతల్లోని నవ్వు కష్టమెరుగని మనిషి నవ్వు కాదు. చీకటిలో నుండి బయటపడినవాడి నవ్వు.

ఎక్కడికి వెళ్లాలో మరచిపోయే మహానుభావుడు

1901 జూన్ 28న ఫ్రాన్సెస్ బ్లాగ్ అనే భక్తిగల ఆంగ్లికన్ యువతితో ఆయనకు వివాహమైంది. వారికి పిల్లలు కలగలేదు. ఆ లోటు ఇద్దరినీ బాధించింది. కాని వారి ఇల్లు ఎప్పుడూ ఇరుగుపొరుగు పిల్లలతో, బంధువుల పిల్లలతో కళకళలాడేది.

ఆరు అడుగుల నాలుగు అంగుళాల ఎత్తు, దాదాపు 130 కిలోల బరువు, భుజాల మీద పెద్ద దుప్పటి లాంటి కోటు, నలిగిన టోపీ, లోపల కత్తి దాచిన చేతికర్ర – లండన్ పత్రికల వీధిలో ఆయనను ఎరుగనివారు లేరు. మతిమరుపులో ఆయనకు ఆయనే సాటి. ఒకసారి ఉపన్యాసానికి బయలుదేరి, దారిలో ఏదో ఆలోచిస్తూ మార్కెట్ హార్‌బరో అనే ఊళ్లో దిగిపోయారట. తాను ఫలానా ఊళ్లో ఉన్నానని, నిజానికి ఎక్కడ ఉండాలో చెప్పమని భార్యకు టెలిగ్రాం కొట్టారు. మళ్లీ ఎక్కడికి పంపినా ఇదే గొడవని తెలిసిన ఆ ఇల్లాలు, ముందు ఇంటికి రమ్మని ఒక్క ముక్కలో జవాబు పంపింది. అటువంటి మనిషి సృష్టించిన గురువు గొడుగు ఎక్కడో పెట్టి మరచిపోతాడంటే ఆశ్చర్యమేముంది!

మతిమరుపు మనిషే అయినా కలం మాత్రం ఆగలేదు. 1905లో 'ఇల్లస్ట్రేటెడ్ లండన్ న్యూస్' పత్రికలో వారంవారం రాయడం మొదలుపెట్టి, 1936లో చనిపోయేదాకా రాశారు. వేలాది వ్యాసాలు, ఎనభై వరకు పుస్తకాలు వెలువరించారు. 1909 సెప్టెంబరులో ఆ పత్రికలో భారతదేశం గురించి ఒక వ్యాసం రాశారు. భారతీయులు తమ జీవన విధానాన్ని తాము తిరిగి పొందాలని కోరితే అది న్యాయం, ఇంగ్లీషు వారి సంస్థలనే తమకూ ఇమ్మంటే అందులో జాతీయత ఏముంది అన్నది దాని సారాంశం. ఆ సమయంలో లండన్‌లో ఉన్న గాంధీజీ దాన్ని చదివి ముగ్ధులై, తమ 'ఇండియన్ ఒపీనియన్' పత్రిక పాఠకులకు పరిచయం చేశారు. ఆ నవంబరులోనే ఓడలో తిరిగి వెళుతూ 'హింద్ స్వరాజ్' రాశారు.

కొండదారిలో ఒక నడక

ఇక అసలు సంఘటనకు వద్దాం. వివాహమైన రెండు మూడేళ్లకు చెస్టర్టన్ ఉపన్యాసం ఇవ్వడానికి ఉత్తర ఇంగ్లండులోని కీత్లీ అనే పట్టణానికి వెళ్లారు. అక్కడ ఒక మిత్రుని ఇంట్లో జాన్ ఓకానర్ అనే కతోలిక గురువుతో పరిచయమైంది. ఆయన ఐర్లండులో పుట్టినవారు, అప్పటికి సహాయ గురువుగా ఉన్నారు. మరునాడు ఇద్దరూ కలిసి యార్క్‌షైర్ బీడుకొండల మీదుగా ఇల్క్‌లీ వరకు నడిచి వెళ్లారు.

దారిలో చెస్టర్టన్ నేరాలకు, దురాచారాలకు సంబంధించిన ఒక విషయం మీద తాను రాయబోతున్న అభిప్రాయం చెప్పారు. గురువుగారు నెమ్మదిగా, ఆ అభిప్రాయం ఎందుకు పొరపాటో వివరించారు. వివరిస్తూ మానవ హృదయంలోని దుర్మార్గపు లోతుల గురించి తనకు తెలిసిన కొన్ని సంగతులు చెప్పారు. చెస్టర్టన్ నివ్వెరపోయారు. పత్రికల వీధిలో తిరిగే తనకే తెలియని చీకటి, ఈ ప్రశాంతమైన బ్రహ్మచారి గురువుకు ఎలా తెలుసు? తన యౌవనంలో తాను తొంగిచూసి భయపడిన గోతిని ఈయన అడుగు వరకూ చూశారే!

ఇల్క్‌లీలోని ఇంటికి చేరాక కేంబ్రిడ్జిలో చదివే ఇద్దరు యువకులు గురువుగారితో సంగీతం గురించి, శిల్పకళ గురించి ముచ్చటించారు. గురువుగారు గదిలో నుండి వెళ్లాక వారిలో ఒకడు పెదవి విరిచాడు. పాపం మంచివాడే కాని, మఠంలో తలుపులు మూసుకుని బ్రతికేవారికి లోకంలోని చెడుగు ఏం తెలుస్తుంది, అమాయకత్వం కంటే లోకానుభవం మేలు కదా అన్నాడు. చెస్టర్టన్‌కు నవ్వు ఆపుకోవడం కష్టమైంది. గురువుగారికి తెలిసిన పాపలోకం ముందు ఈ ఇద్దరు యువకులు ఉయ్యాలలోని పసిపాపలతో సమానం.

ఆ నవ్వులోనే ఫాదర్ బ్రౌన్ పుట్టాడు. చూడటానికి ఏమీ తెలియనివాడు, నిజానికి అన్నీ తెలిసినవాడు అయిన ఒక గురువును పాత్రగా పెట్టి అపరాధ పరిశోధన కథలు రాస్తే? నిజమైన ఓకానర్ గారు చురుకైన, నీటుగా ఉండే మనిషి. చెస్టర్టన్ ఆయనకు నలిగిన టోపీ, జారిపోయే గొడుగు, ఏ భావమూ లేని గుండ్రని ముఖం తగిలించి మారువేషం వేశారు. లోపలి బుద్ధిని మాత్రం అలాగే ఉంచారు.

నీలి శిలువ చెప్పిన సంగతి

మొదటి కథ 'నీలి శిలువ' 1910లో అచ్చయింది. అది ఎంత సరదాగా ఉంటుందో వినండి. లండన్‌లో దివ్యసత్ప్రసాద మహాసభ జరుగుతుంటుంది. నీలాలు పొదిగిన వెండి శిలువను పట్టుకుని పల్లెటూరి గురువు ఒకాయన రైలెక్కుతాడు. ఫ్లాంబో అనే పేరుమోసిన దొంగ తానూ గురువు వేషం వేసుకుని ఆయన వెంట పడతాడు. వారిద్దరూ వెళ్లిన చోటల్లా వింతలు జరుగుతుంటాయి. హోటల్లో ఉప్పు డబ్బాలో చక్కెర, చక్కెర గిన్నెలో ఉప్పు. గోడ మీద సూపు మరక. పండ్ల దుకాణంలో తారుమారైన ధరల అట్టలు. పగిలిన కిటికీ అద్దం, దానికి ముందుగానే చెల్లించిన డబ్బు! ఇవన్నీ చేసింది అమాయకపు గురువే. పోలీసులు తమ జాడ పట్టుకుని రావాలని దారి పొడవునా వేసిన గుర్తులవి.

చివరకు దొంగ శిలువ అడిగేసరికి అది ఎప్పుడో భద్రమైన చోటికి చేరిపోయి ఉంటుంది. ఇన్ని దొంగ ఎత్తులు నీకెలా తెలుసని దొంగే తెల్లబోతాడు. మనుషుల పాపాలు వినడమే పనిగా ఉన్నవాడికి చెడుగు తెలియకుండా ఎలా ఉంటుందని గురువు చెబుతాడు. ఇంకొక సంగతి కూడా చెబుతాడు. ఫ్లాంబో గురువు కాడని తనకు ఎలా తెలిసిందంటే, అతడు మాటల్లో బుద్ధిని, తర్కాన్ని తక్కువ చేసి మాట్లాడాడు. నిజమైన వేదాంతం బుద్ధిని కించపరచదు. గురువిద్యాలయంలో ఏళ్ల తరబడి తర్కశాస్త్రం చదివినవారికి ఈ ముగింపు చదివితే కడుపు నిండినట్లు ఉంటుంది.

ఆ కాలంలో ప్రఖ్యాతి పొందిన డిటెక్టివులు సిగరెట్టు బూడిదను, బూట్ల గుర్తులను పరీక్షించి నేరస్థుణ్ణి పట్టేవారు. ఫాదర్ బ్రౌన్ పద్ధతి వేరు. 1927లో వెలువడిన 'ఫాదర్ బ్రౌన్ రహస్యం' పుస్తకంలో ఆయన తన కిటుకు బయటపెడతాడు. ఆ హత్యలన్నీ చేసింది తానేనంటాడు! విన్నవారు హడలిపోతారు. ఆయన ఉద్దేశం ఇది: హంతకుణ్ణి దూరం నుండి పురుగును చూసినట్లు చూడడు. అతని కోపం, అతని ఆశ, అతని అవమానం తనలో రగిలేదాకా అతని మనసులో కూర్చుంటాడు. చేయి ఎత్తడం తప్ప అన్నీ తానే అయ్యేదాకా. అప్పుడు ఎవరు చేశారో తెలిసిపోతుంది. ఇది ఆయనకు ఒక భక్తిసాధన. తానూ ఎంత చెడ్డవాడు కాగలడో తెలుసుకున్నవాడే మంచివాడు కాగలడని ఆ కథల సారం.

అందుకే ఆ గురువుకు నేరస్థుణ్ణి ఉరికంబం ఎక్కించాలన్న తొందర లేదు, ఆత్మను దక్కించుకోవాలన్న తపన ఉంది. దొంగ ఫ్లాంబో కొన్ని కథల తరువాత పశ్చాత్తాపపడి ఆయనకే ఆప్తమిత్రుడవుతాడు. టెలివిజన్ సీరియల్ మొదటి భాగానికి ఆధారమైన 'దేవుని సుత్తి' కథలో, దోషి ఎవరో తెలిసినా గురువు పోలీసులను పిలవడు. తలుపు తెరిచి ఉంచి నిర్ణయం అతని అంతరాత్మకు వదిలేస్తాడు. దోషి తానే వెళ్లి లొంగిపోతాడు. ఎత్తైన చోట నిలబడి ప్రార్థించడం అలవాటైనవాడికి కింద ఉన్న మనుషులు చీమల్లా కనిపించారు, ఆ చూపులోనే హత్య పుట్టింది – ఇదీ ఆ కథ నేర్పే నీతి.

కథ రాసినవాడు ఇల్లు చేరడం

ఇక్కడొక విచిత్రం గమనించండి. ఇంతటి కతోలిక గురువును సృష్టించే నాటికి చెస్టర్టన్ కతోలికుడు కాదు! 1908లోనే 'ఆర్థడాక్సీ' అనే పుస్తకంలో క్రైస్తవ విశ్వాసాన్ని అద్భుతంగా సమర్థించారు. కాని శ్రీసభ గడప దగ్గర చాలా కాలం నిలబడిపోయారు. 1914 చివరలో జబ్బుపడి నెలల తరబడి స్పృహ ఉండీ లేని స్థితిలో మంచాన ఉన్నారు. 1915 ఈస్టర్ నాటికి కోలుకున్నారు. 1918 డిసెంబరులో తమ్ముడు సెసిల్ ఫ్రాన్సులోని సైనిక ఆసుపత్రిలో మరణించాడు. సెసిల్ 1912లోనే శ్రీసభలో చేరాడు. అన్నగారు వెనుకబడిపోవడానికి ముఖ్య కారణం ఫ్రాన్సెస్. తనను విశ్వాసజీవితానికి మళ్లించిన భార్యను వెనుక వదిలి ముందుకు వెళ్లడానికి ఆయన మనసు ఒప్పలేదు.

చివరకు 1922 జూలై 30న ఆ రోజు వచ్చింది. బీకన్స్‌ఫీల్డ్‌లో ఆనాటికి కతోలిక దేవాలయం లేదు. రైల్వే హోటల్ ఆవరణలోని రేకుల కప్పు గది ఒకటి ప్రార్థనాలయంగా ఉండేది. కొండదారిలో ఆయనతో నడిచిన ఓకానర్ గారే వచ్చి పాపసంకీర్తనం విని, ఆయనను శ్రీసభలో చేర్చుకున్నారు. అంటే నిజమైన ఫాదర్ బ్రౌన్, ఫాదర్ బ్రౌన్‌ను సృష్టించినవాడి పాపాలు విన్నాడన్నమాట! పక్కన ఫ్రాన్సెస్ కన్నీళ్లు పెట్టుకున్నది. నాలుగేళ్ల తరువాత, 1926 నవంబరు 1న, సకల పునీతుల పండుగనాడు ఆమె కూడా అదే ఇంటికి చేరింది.

ఎందుకు చేరారని అడిగినవారికి ఈ మహా పండితుడు తత్వశాస్త్ర వాదాలు చెప్పలేదు. తన పాపాలను వదిలించుకోవడానికి అని చెప్పారు. పాపసంకీర్తనం చేసి బయటకు వచ్చినవాడు, ఎంత ముసలివాడైనా, అయిదు నిమిషాల క్రితం పుట్టిన పసివాడేనని ఆయన నమ్మకం. స్లేడ్ కళాశాలలో గడిపిన ఆ చీకటి రోజులు గుర్తున్నాయా? తనలోని హంతకుణ్ణి తాను చూసుకున్న యువకుడు, ఆ హంతకుణ్ణి క్షమించగల చోటు వెతుక్కుంటూ దాదాపు ముప్పై ఏళ్లు నడిచి ఇక్కడికి చేరాడు.

ఆ తరువాత 1923లో పునీత ఫ్రాన్సిస్ అస్సీసి గురించి, 1925లో 'ది ఎవర్‌లాస్టింగ్ మ్యాన్', 1933లో పునీత తోమాస్ అక్వినాసు గురించి పుస్తకాలు రాశారు. తోమాస్ మీద జీవితమంతా పరిశోధన చేసిన ఫ్రెంచి పండితుడు ఎతియెన్ జిల్సోన్ ఆ చిన్న పుస్తకాన్ని ఎంతో మెచ్చుకున్నారు. తమ్ముడు వదిలివెళ్లిన పత్రికను భుజాన వేసుకుని, 1925 నుండి తన పేరుతోనే నడిపారు. అది ఎప్పుడూ నష్టాల్లోనే ఉండేది. డబ్బు అయిపోయినప్పుడల్లా మరొక ఫాదర్ బ్రౌన్ కథ రాసేవారు. అలా అయిదు సంపుటాలు తయారయ్యాయి.

1930లో అపరాధ పరిశోధక రచయితలు ఒక క్లబ్బు పెట్టుకుని ఆయననే మొదటి అధ్యక్షుణ్ణి చేసుకున్నారు. అగాథా క్రిస్టీ, డొరొతీ సేయర్స్, రోనల్డ్ నాక్స్ అనే కతోలిక గురువు అందులో సభ్యులు. చేరేవారు ఒక ప్రమాణం చేయాలి. దేవుడు చెవిలో చెప్పాడనో, అదృష్టం కలిసివచ్చిందనో రాసి తప్పించుకోకుండా, తమ డిటెక్టివుల చేత బుద్ధితోనే నేరాన్ని ఛేదింపజేయాలి! దైవానుగ్రహం మన బుద్ధికి బదులుగా రాదు, దానికి తోడుగా వస్తుంది. పునీత తోమాస్ చెప్పిన ఈ సంగతి డిటెక్టివ్ క్లబ్బులోనూ చెల్లింది.

1936 జూన్ 14, ఆదివారం నాడు, 62 ఏళ్ల వయసులో చెస్టర్టన్ బీకన్స్‌ఫీల్డ్‌లోని తన ఇంట్లో కన్నుమూశారు. చూడటానికి వచ్చిన డొమినికన్ గురువు విన్సెంట్ మెక్‌నాబ్ మంచం పక్కన మరియమాత గీతం పాడి, బల్లమీద ఉన్న ఆయన కలాన్ని ముద్దుపెట్టుకున్నారు. పోపు పదకొండవ పయస్ సంతాప సందేశం పంపారు. వెస్ట్‌మినిస్టర్ ప్రధాన దేవాలయంలో జరిగిన పూజలో క్లబ్బు మిత్రుడు రోనల్డ్ నాక్స్ ప్రసంగించారు.

తప్పును దాచకూడదు

ఫాదర్ బ్రౌన్ వంటి సత్యాన్వేషి గురించి రాస్తూ, ఆయన సృష్టికర్త తప్పును దాచడం న్యాయం కాదు. యూదుల గురించి చెస్టర్టన్ రాసిన కొన్ని మాటలు కటువుగా, అన్యాయంగా ఉన్నాయి. 1930లలో హిట్లర్ యూదులను హింసించినప్పుడు ఆయన దాన్ని ఖండించిన మాట నిజమే. అంతమాత్రాన పాత రాతలు చెరిగిపోవు. ఆయనను పునీతునిగా ప్రకటించే ప్రక్రియ మొదలుపెట్టాలని ఎందరో కోరారు. 2019 ఆగస్టులో నార్తాంప్టన్ మేత్రాణులు పీటర్ డాయల్ గారు తాము ఆ పని చేపట్టబోమని ప్రకటించారు. స్థానికంగా ఆయన పట్ల భక్తి ఆచారం లేకపోవడం, ఆయన వ్యక్తిగత ఆధ్యాత్మికత స్పష్టంగా గుర్తించలేకపోవడం, యూదుల గురించిన ఈ విషయం – ఈ మూడూ కారణాలుగా చెప్పారు.

చెస్టర్టన్‌ను ప్రేమించేవారికి ఇది నొప్పి కలిగించింది. కాని ఆయన పాఠమే ఇక్కడ ఆయనకు వర్తిస్తుంది. ఒక్కొక్క హంతకుని మనసులోకి దిగి చూడగలిగిన మనిషి, ఒక జాతి మొత్తాన్ని మాత్రం బయట నిలబడి చూశాడు. ఎత్తు మీద నుండి చూస్తే మనుషులు చీమల్లా కనిపిస్తారని రాసిన చెయ్యే ఆ రాతలూ రాసింది. ఎంత జ్ఞానం ఉన్నా, మనకు కనిపించకుండా మనలో దాగి ఉండే దోషి ఒకడు ఉంటాడు. కనుకనే పాపసంకీర్తన పీఠం దగ్గర గురువులూ, మేత్రాణులూ, పోపుగారూ కూడా వరుసలో నిలబడాలి.

తెర మీది అంగీ చేసిన పని

ఫాదర్ బ్రౌన్ తెర మీదికి రావడం కొత్త కాదు. 1954లో వచ్చిన సినిమాలో ఎలెక్ గిన్నెస్ ఆ పాత్ర వేశారు. చిత్రీకరణ ఫ్రాన్సులోని బర్గండీలో జరిగింది. ఒక సాయంత్రం ఆయన గురువు అంగీలోనే బసకు నడిచి వెళుతుంటే, ఒక చిన్న పిల్లవాడు పరుగెత్తుకుంటూ వచ్చి ఫాదర్ అని పిలిచి చేయి పట్టుకున్నాడు. గలగలా కబుర్లు చెబుతూ కొంత దూరం నడిచి, నమస్కరించి వెళ్లిపోయాడు. ఎవరో తెలియని మనిషిని కేవలం ఆ అంగీ చూసి ఆ బాలుడు నమ్మాడు. పసివాడిలో ఇంత నమ్మకం పుట్టించగల శ్రీసభ తాననుకున్నంత చెడ్డది కాదేమోనని గిన్నెస్ ఆలోచనలో పడ్డారు. తరువాత కుమారుడికి పోలియో వచ్చినప్పుడు ఒక కతోలిక దేవాలయంలోకి వెళ్లి మౌనంగా కూర్చునేవారు. బాలుడు కోలుకున్నాడు. 1956లో గిన్నెస్ కతోలికుడయ్యారు. ఈ సంఘటన చదివిన ప్రతి గురువూ తన అంగీ వంక ఒకసారి చూసుకోవాలి. పిల్లల నమ్మకానికి అది తగినదిగా ఉండాలి.

1974లో కెనెత్ మోర్ ఇంగ్లీషు టెలివిజన్‌లో ఈ పాత్ర వేశారు. జర్మనీ, ఇటలీ దేశాల వారూ తమ తమ ఫాదర్ బ్రౌన్‌లను తయారుచేసుకున్నారు. 2013 నుండి వచ్చిన సీరియల్ మూలకథలకు చాలా దూరం జరిగింది. చెస్టర్టన్ కథల్లో గురువు ఊరూరా తిరుగుతాడు, ఇక్కడ ఒకే గ్రామంలో ఉంటాడు. చాలా భాగాలకు కథలు కొత్తగా అల్లినవే. ఒకే పల్లెలో ఇన్ని హత్యలా, అక్కడ జనం ఇంకా ఎలా మిగిలారని నవ్వు వస్తుంది. నవ్వుకోండి, తప్పు లేదు. చెస్టర్టన్ బ్రతికి ఉంటే అందరికంటే గట్టిగా ఆయనే నవ్వేవారేమో.

కాని ఒక విషయంలో సీరియల్ మూలానికి నమ్మకంగా ఉంది. హంతకుడు దొరికిపోయిన క్షణంలో ఆ గురువు ముఖం చూడండి. గెలిచానన్న గర్వం ఉండదు, తప్పిపోయిన గొర్రె కోసం వచ్చిన కాపరి జాలి ఉంటుంది. పశ్చాత్తాపపడమని బ్రతిమాలతాడు. దొంగ ఫ్లాంబో ఎన్నిసార్లు తప్పించుకుపోయినా అతని మీద ఆశ వదులుకోడు.

కనుక తల్లిదండ్రులారా, పిల్లలతో కూర్చుని నిశ్చింతగా చూడండి. హంతకుడెవరో ముందుగా కనిపెట్టినవారికి ఒక మిఠాయి ఇవ్వండి. టీవీ కట్టేశాక మాత్రం ఇంకొక ప్రశ్న అడగండి. వాడి స్థానంలో, వాడికి జరిగిన అవమానమే మనకూ జరిగి ఉంటే, మనం ఏం చేసి ఉండేవాళ్లం? పక్కింటివాడి మీద, పొలం గట్టు తగాదా మీద, ఆస్తి పంపకంలో అన్నదమ్ముల మీద మన మనసులో ఏముందో పిల్లలకు తెలియకపోయినా మనకు తెలుసు. ఆ ప్రశ్నకు నిజాయితీగా జవాబు దొరికితే, దాన్ని పట్టుకుని శనివారం సాయంత్రం దేవాలయానికి రండి. అక్కడ పీఠంలో కూర్చున్న గురువు మీ జవాబు విని ఆశ్చర్యపోడు. ఆయనా మనిషే, తన సంగతి తనకు తెలుసు.